పాత అంబాసిడర్‌కి 5 గేర్ల ఇంజిన్ వేయొచ్చా? వేస్తే ఇంకా ఏమేం మార్చాలి?

రోజూ ఫోన్లు, ప్రాసెసర్లు, ఛార్జింగ్ స్పీడ్లు అంటూ రాసే నేను ఈసారి కారు ఇంజిన్ గురించి రాస్తున్నాను. కారణం మా ఇంటి ముందే ఉంది. మా తాతయ్య 1974లో కొన్న అంబాసిడర్ మార్క్ 2. ఇప్పటికీ నడుస్తుంది. కానీ విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళాలంటే, హైవే మీద 70 దాటగానే ఇంజిన్ అరవడం మొదలు, వెనక నుంచి లారీ హారన్లు మొదలు. మొన్న సంక్రాంతికి నాన్న తేల్చి చెప్పేశారు: "దీనికి ఇసుజు ఇంజిన్, 5 గేర్లు వేయించేద్దాంరా. ఆటోనగర్‌లో సెట్ ఉందట."

నేను వెంటనే సరే అన్నాను. పాత చిప్ తీసి కొత్త చిప్ పెట్టడమే కదా అనుకున్నా. అలా పెట్టడం ఫోన్‌లోనే కుదరదని నాకు తెలిసి కూడా!

ముందు లెక్కలు చూద్దాం. ఇంగ్లాండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారే మన దగ్గర అంబాసిడర్ అయింది. మా కారులో ఉన్నది 1489 సీసీ బీఎంసీ పెట్రోల్ ఇంజిన్. పవర్ సుమారు 50 హార్స్‌పవర్. గేర్లు 4, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే. 1990ల మొదట్లో కంపెనీయే ఇదే బాడీలో 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్, 5 గేర్ల బాక్స్ పెట్టి 1800 ఐఎస్‌జెడ్ పేరుతో అమ్మింది. ఇది 1817 సీసీ, దాదాపు 75 హార్స్‌పవర్. అంటే నాన్న అడిగింది పిచ్చి కోరికేం కాదు, ఫ్యాక్టరీ ఒకసారి చేసి చూపించిన పనే.

ఇప్పుడు అసలు మజా 5వ గేర్‌లో ఉంది. సులువుగా ఉండటానికి గుండ్రని అంకెలు తీసుకుందాం. చక్రం ఒక్కసారి తిరిగితే కారు 2 మీటర్లు వెళ్తుంది అనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 1333 మీటర్లు, అంటే చక్రం సుమారు 667 సార్లు తిరగాలి. వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్ పినియన్ రేషియో 4.5 అనుకుంటే, టాప్ గేర్‌లో ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. ఎందుకంటే 4 గేర్ల బాక్స్‌లో టాప్ గేర్ రేషియో 1, ఇంజిన్ ఎంత తిరిగితే షాఫ్ట్ అంతే తిరుగుతుంది. 5వ గేర్ రేషియో 0.85 ఉంటే అదే 80 వేగానికి 2550 చాలు. ప్రతి నిమిషం 450 చుట్లు మిగిలాయి! చప్పుడు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, పెట్రోల్ కూడా కొంత మిగులుతుంది.

"మరైతే గేర్ బాక్స్ ఒక్కటే మారిస్తే పోలా?" అని నేనూ అడిగాను. అక్కడే ఉంది చిక్కు. రేషియో తగ్గితే చక్రం దగ్గరికి చేరే లాగుడు కూడా అంతే తగ్గుతుంది. అయిదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాన్లతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే 50 హార్స్‌పవర్ ఇంజిన్ 5వ గేర్‌లో మొరాయిస్తుంది, మళ్ళీ 4కే రావాలి. పైగా ఇసుజు బాక్స్ బోల్టులు బీఎంసీ ఇంజిన్‌కి కలవవు, మధ్యలో ప్రత్యేకంగా ప్లేట్ చేయించాలి. అందుకే ఇంజిన్, గేర్ బాక్స్ జంటగానే వేస్తారు.

ఆటోనగర్ మేస్త్రి గారు ఒక్క ముక్కలో చెప్పారు: "బాబూ, ఇంజిన్ కూర్చోబెట్టడం రెండు రోజుల పని. దాని చుట్టూ సర్దడానికే రెండు నెలలు." ఇంజిన్ మౌంట్లు కొత్తగా వెల్డింగ్ చేయాలి. గేర్ బాక్స్ పొడవు మారింది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి, అతికించి, బ్యాలెన్స్ చేయించాలి. ఇక్కడ కక్కుర్తి పడితే 60 దాటగానే కారంతా వణుకుతుంది. క్లచ్ లింకేజ్, సైలెన్సర్ పైపు, రేడియేటర్, డైనమో బదులు ఆల్టర్నేటర్. స్పీడోమీటర్ కేబుల్ దగ్గర తేడా వస్తే మీటర్ అబద్ధం చెబుతుంది.

గేర్ రాడ్ స్టీరింగ్ దగ్గర నుంచి కిందకి వస్తుంది కాబట్టి ఫ్లోర్‌కి కన్నం పెట్టాలి. ముందు సీటు ఒకటే బెంచీ. చిన్నప్పుడు తాతయ్యకీ నాన్నకీ మధ్య నేను కూర్చున్నది సరిగ్గా ఆ కన్నం వచ్చే చోటే. ఇది టెక్నికల్ పాయింట్ కాదు, ఒప్పుకుంటాను.

టెక్నికల్ పాయింట్ కావాలంటే బ్రేకులు. మా కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వేగం 70 నుంచి 100కి పెరిగితే ఆపాల్సిన శక్తి రెట్టింపు అవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. 70ని 70తో, 100ని 100తో హెచ్చించి చూడండి. సగం మంది ఇంజిన్‌కి డబ్బంతా పోసి బ్రేకుల దగ్గర "తర్వాత చూద్దాంలే" అంటారట. నా ఉద్దేశంలో అయితే ముందు డిస్క్ బ్రేకులకి బడ్జెట్ లేనివాళ్ళు ఇంజిన్ మార్చకూడదు, అంతే.

ఇవన్నీ డబ్బుతో తీరేవి. తీరనిది కాగితాల గొడవ. ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి సెట్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. నంబర్లు కలవని బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే.

మా కారుకి ఇంకో మెలిక ఉంది. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. మాది 2024లో 50 దాటింది. ఇంజిన్ మారిస్తే ఆ అవకాశం పోయినట్టే. అలాగని వింటేజ్ చేయించుకుంటే రోజూ తిప్పే వీల్లేదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, రిపేర్లకి, పెట్రోల్ పోయించడానికి మాత్రమే రోడ్డెక్కాలి. నాన్నకేమో ఏలూరు వెళ్ళాలి!

చివరికి మేం ఇంజిన్ మార్చలేదు. ఉన్నదాన్నే విప్పించి రీబోర్ చేయించాం, పిస్టన్లు, రింగులు కొత్తవి. లెడ్ కలిపిన పెట్రోల్ రోజుల ఇంజిన్ కాబట్టి హెడ్ విప్పినప్పుడే గట్టి వాల్వ్ సీట్లు వేయించాం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది పాత రబ్బరుని తినేస్తుంది కాబట్టి పైపులన్నీ మార్చాం. బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు కూడా. వింటేజ్ దరఖాస్తు మాత్రం ఇంకా పెట్టలేదు, నంబర్ మామూలుదే.

ఇప్పుడు 70లో పక్కవాళ్ళ మాట వినబడుతోంది. 75 వరకు నేను ధైర్యంగా తోలాను, ఆ పైన అడగొద్దు. ఆటోనగర్‌లోని ఆ ఇసుజు సెట్ ఇంకా అక్కడే ఉంది. ఎవరైనా కొన్నారా అని నాన్న వారానికోసారి మేస్త్రికి ఫోన్ చేసి కనుక్కుంటూనే ఉన్నారు.