ఊరు మారినా సాధన ఆగదు: ఖరగ్‌పూర్ ప్రయాణంలో ట్రయాథ్లాన్ శిక్షణ వెనుక శాస్త్రం

ఈత, సైకిల్, పరుగు ఈ మూడింటినీ మధ్యలో విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేసే పోటీ ట్రయాథ్లాన్. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైన ఈ క్రీడ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు సంపాదించింది. ఒలింపిక్ దూరం అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగం దూరాలతో జరిగే స్ప్రింట్ పోటీతో చాలామంది మొదలుపెడతారు. 2019లో గోవాలో తొలిసారి ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ జరిగాక, ఉద్యోగాలు చేసుకుంటూనే ఈ ఆటకు సిద్ధమయ్యేవారు మన దేశంలోనూ కనిపిస్తున్నారు.

ఈ ఆటలో పెద్ద చిక్కు దూరం కాదు, చోటు. పరుగుకు ఒక జత బూట్లు చాలు. ఈతకు కొలను కావాలి, సైకిల్‌కు సైకిలూ రోడ్డూ రెండూ కావాలి. సొంత ఊళ్లో నెలల తరబడి కుదుర్చుకున్న ఈ ఏర్పాటు, పది రోజులు వేరే ఊరు వెళ్లాల్సి వస్తే ఒక్కసారిగా చెదిరిపోతుంది. పోటీ నెల రోజుల్లో ఉన్నప్పుడు పెద్దమ్మ కూతురి పెళ్లి పడితే ఏం చేయాలి?

తెలుగువారికి ఇలాంటి ప్రయాణం తరచుగా తగిలే ఊళ్లలో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు అక్కడి వర్క్‌షాపులోనూ రైళ్లమీదా పనిచేస్తూ తరాలుగా స్థిరపడ్డాయి. ఇప్పటికీ పెళ్లిళ్లకు, పండుగలకు, రైల్వే ఉద్యోగ పరీక్షలకు ఇటువారు అటు, అటువారు ఇటు తిరుగుతూనే ఉంటారు. విశాఖపట్నం నుంచి దాదాపు 760 కిలోమీటర్లు. రైల్లో ఒక రాత్రి.

వారం ఆపితే ఏం పోతుంది?

సాధన ఆగిన మర్నాటి నుంచే కండలు కరిగిపోతాయన్న భయం చాలామందిలో ఉంటుంది. శరీరం అంత తొందరపడదు. ఓర్పు క్రీడాకారుల సామర్థ్యాన్ని కొలిచే ముఖ్యమైన కొలత, గరిష్ఠ శ్రమలో శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ పరిమాణం. దీన్ని వీఓటూ మ్యాక్స్ అంటారు. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం ఏళ్ల తరబడి సాధన చేస్తున్న ఏడుగురిని 84 రోజుల పాటు పూర్తిగా ఆపేయమని కోరి వారిని పరీక్షించింది. మొదటి మూడు వారాల్లో ఈ కొలత 7 శాతం తగ్గింది. 84 రోజులు గడిచేసరికి మొత్తం తగ్గుదల 16 శాతం.

మొదట తగ్గేది కండరం కాదు, రక్తంలోని ద్రవభాగం. క్రమం తప్పని సాధన వల్ల ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది. గుండె నిండుగా నిండి, ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. సాధన ఆపితే కొద్ది రోజుల్లోనే ఆ అదనపు ప్లాస్మా తగ్గిపోతుంది. ఒక్కో స్పందనలో వెళ్లే రక్తం తగ్గుతుంది కాబట్టి, అదే వేగంతో పరుగెత్తినా గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. పది రోజుల సెలవు తర్వాత తొలి పరుగులో వచ్చే ఆయాసానికి చాలా వరకు కారణం ఇదే. సాధన మళ్లీ మొదలుపెడితే ప్లాస్మా కూడా అంతే త్వరగా తిరిగి వస్తుంది. కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎంజైములు వారాల మీద నెమ్మదిగా తగ్గుతాయి. కండరాల్లో కొత్తగా అల్లుకున్న సూక్ష్మ రక్తనాళాలైతే కోయిల్ పరీక్షించిన వారిలో 84 రోజుల తర్వాత కూడా చెక్కుచెదరలేదు.

ఇంతకంటే పనికొచ్చే సంగతి రాబర్ట్ హిక్సన్ పరిశోధనల్లో ఉంది. 1980ల తొలి సంవత్సరాల్లో ఆయన బృందం కొందరికి వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున పది వారాలు కఠిన శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాత ఒక్కో ప్రయోగంలో ఒక్కో అంశాన్ని తగ్గిస్తూ పోయింది. రోజుల సంఖ్యను నాలుగుకో రెండుకో కుదించినా, తీవ్రత మారనంత వరకు వీఓటూ మ్యాక్స్ నిలబడింది. 40 నిమిషాలను 26కు, చివరికి 13కు తగ్గించినా అది పడిపోలేదు; అయితే 13 నిమిషాలకే పరిమితమైనవారిలో ఎక్కువసేపు తట్టుకునే ఓర్పు తగ్గింది. తీవ్రతను మూడో వంతు తగ్గించినప్పుడు మాత్రం సామర్థ్యం నిలవలేదు.

అంటే ప్రయాణంలో రోజుల్ని తగ్గించుకోవచ్చు, నిమిషాలను తగ్గించుకోవచ్చు, ఉన్న కాస్త సమయంలో పడే శ్రమను మాత్రం తగ్గించకూడదు. బంధువుల ఇంట్లో ఉన్నప్పుడు చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు: రోజూ గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ నడిచి, సాధన అయిందనుకుంటారు. అలవాటు లేనివారికి ఆ నడక మంచిదే. పోటీకి సిద్ధమవుతున్నవారికి అది చాలదు. మాట్లాడితే రెండు మూడు మాటలకు మించి రానంత ఊపుతో మూడు నాలుగు నిమిషాలు, తర్వాత అంతే సేపు నెమ్మదిగా, ఇలా నాలుగైదు విడతలు చేస్తే 40 నిమిషాల లోపే పని పూర్తవుతుంది. వారంలో రెండు మూడుసార్లు చాలు.

పోటీకి ముందు రెండు వారాల్లో తీవ్రత మార్చకుండా సాధన పరిమాణాన్ని సగానికి అటూఇటూ తగ్గించడం శిక్షకులు కావాలని చేయించే పనే. దాన్ని టేపర్ అంటారు. ప్రయాణం ఆ రోజుల్లో పడితే విచారించాల్సింది పెద్దగా ఉండదు.

తెల్లవారుజామున గడియారం తేడా

దేశమంతా ఒకే గడియారం, సూర్యుడు మాత్రం అందరికీ ఒకేసారి ఉదయించడు. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, ఖరగ్‌పూర్ 87.3 డిగ్రీల మీద ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 35 నిమిషాల తేడా. ఖరగ్‌పూర్ మరింత ఉత్తరాన ఉండటం వల్ల వేసవిలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. జూన్‌లో అక్కడ ఐదు గంటల లోపే సూర్యోదయం. హైదరాబాద్‌లో అప్పటికి ఇంకా ముప్పావు గంట ఆగాలి. ఇంటి అలవాటు ప్రకారం ఆరున్నరకు బూట్లు వేసుకుని బయటికొచ్చిన హైదరాబాదీకి అక్కడ ఎండ అప్పటికే ముదిరి ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటితే చీకటి. సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని సైకిల్ తీయాలనుకునేవారికి వెలుతురు మిగలదు.

వేడి విషయంలో మాత్రం లెక్క కచ్చితంగా తెలిసి ఉండాలి. సైకిల్ తొక్కేటప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో 20 నుంచి 25 శాతమే పెడల్‌కు చేరుతుంది, మిగిలినదంతా వేడి. పెడల్ మీద 150 వాట్లు పెడుతున్న మనిషి శరీరంలో 500 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ల వేడి పోతుంది. ఆ వేడి మొత్తాన్నీ చెమటతోనే వదిలించుకోవాలంటే గంటకు ముప్పావు లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలి. కారితే సరిపోదు, ఆవిరి కావాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట చర్మం మీంచి జారి నేల మీద పడుతుంది. నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. మే, జూన్ నెలల్లో ఖరగ్‌పూర్‌లో ఎండకు తేమ కూడా తోడవుతుంది.

ఈ వాతావరణానికి శరీరం అలవాటు పడగలదు. రోజూ కొంతసేపు వేడిలో శ్రమిస్తే వారంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. పూర్తిగా అలవాటు కావడానికి రెండు వారాలు పడుతుంది. ఉక్కపోతలోనే పెరిగిన శ్రీకాకుళం కుర్రాడికి ఇది కొత్త కాదు. బెంగళూరులోనో, ఏసీ గదుల్లోనో గడిపి వచ్చినవారు మొదటి నాలుగైదు రోజులు వేగాన్ని గడియారంతో కొలవడం మానేసి, శ్రమను బట్టి సాగాలి. తల తిరగడం, మాట తడబడటం, అయోమయం కనిపిస్తే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే ఆపి, నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సామర్థ్యంలో ఒకటి రెండు శాతం కాపాడుకోవడానికి తీసుకోవాల్సిన ప్రమాదం కాదిది.

నీటి నష్టం నిజానికి రైల్లోనే మొదలవుతుంది. మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించేవారు ఎందరో. దిగాక మొదటి రోజు కఠిన సాధన పెట్టుకోకపోవడానికి అదొక కారణం, సగం నిద్ర మరో కారణం. ఎక్కువగా చెమట పట్టిన రోజుల్లో మందుల దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం పనికొస్తుంది. పేగు గోడలో గ్లూకోజు, సోడియం ఒకే వాహకం ద్వారా కలిసి లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని పెద్ద ఎత్తున వాడి ప్రాణాలు కాపాడింది ఇదే పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో.

సైకిల్, పరుగు, నీళ్లు

సొంత సైకిల్‌ను రైల్లో పార్సిల్‌గా బుక్ చేయవచ్చు. పది రోజులకు అంత శ్రమ అక్కర్లేదు. మేనమామ ఇంట్లో ఉన్న గేర్లు లేని సైకిల్ చాలు. గుండెకు, కాళ్లకు సైకిల్ ధర తెలియదు. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లకు పెరిగితే ఆ శక్తి దాదాపు రెట్టింపు. నిటారుగా కూర్చోబెట్టే పాత సైకిల్ మీద గాలి ఇంకా ఎక్కువగా అడ్డుకుంటుంది కాబట్టి తక్కువ వేగంలోనే కావలసినంత శ్రమ దొరుకుతుంది. అయితే సీటు ఎత్తు ముందు సరిచేసుకోవాలి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద భారం పెరుగుతుంది. కోల్‌కతా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖల వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మనకు బాగా తెలిసిన రోడ్డే, అయినా లారీలు పరుగులు తీసే ఆ దారి సైకిల్ సాధనకు తగదు. రైల్వే కాలనీల లోపలి రోడ్లు తెల్లవారుజామున ఖాళీగా ఉంటాయి. అక్కడే తిరగడం విసుగనిపించినా క్షేమం.

సైకిల్ దిగిన వెంటనే పది నిమిషాలు పరుగెత్తడం మానకూడదు. తొక్కి తొక్కి ఒక కదలికకు అలవాటైన కాళ్లు మరో కదలికకు మారాల్సిన ఈ సాధనకు కొలనూ అక్కర్లేదు, మైదానమూ అక్కర్లేదు. ఖరగ్‌పూర్ పరిసరాల్లో ఎర్ర లాటరైట్ నేల. మొరం పరిచిన దారుల్లో గులకరాళ్ల మీద అడుగు జారుతుంది. గట్టి రోడ్డుకు అలవాటైన చీలమండలకు మొదట్లో పొట్టి పరుగులే మేలు.

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేవరకు ప్రపంచంలో అదే అతి పొడవైనది. రైల్వే గ్రూప్-డి దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1,000 మీటర్లను 4 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 5 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాలి. అంటే ఆ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు ఒక పరీక్ష పరుగు, పైన మరో 72 మీటర్లు. జనం మధ్య అక్కడ పరుగెత్తకూడదు గానీ, రైలు ఆలస్యమైతే అటూఇటూ చురుగ్గా నడిచి కాళ్ల బిగువు వదిలించుకోవచ్చు. ఆ పరీక్షకు వెళ్లే అభ్యర్థులకూ హిక్సన్ చెప్పిన తీవ్రత సూత్రమే వర్తిస్తుంది: పరీక్షకు పది రోజుల ముందు ఊరు మారితే, 400 మీటర్ల వేగపు పరుగులు మూడు నాలుగు వారంలో రెండుసార్లు చేయడం మానొద్దు. ఇదే స్టేషన్‌లో 2001 నుంచి 2003 వరకు టీటీఈగా పనిచేసిన మహేంద్ర సింగ్ ధోనీ టికెట్ల తనిఖీ డ్యూటీకీ, రైల్వే జట్టు ఆటకూ మధ్యనే తన సాధన సాగించాడు.

ఇక ఈత. మూడింటిలో దీనికి ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. ఈతగాళ్లు నీటికి దూరమైతే చేతుల బలం నేల మీద చాలావరకు నిలిచే ఉంటుంది, నీటిని వెనక్కి నెట్టే శక్తి మాత్రం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. నీటిని పట్టుకునే ఆ ఒడుపు కండరంలో కన్నా నాడుల సమన్వయంలో ఎక్కువగా ఉంటుంది. సంస్థల కొలనుల్లో సభ్యులకే ప్రవేశం ఉండటం మామూలే, కాబట్టి బయలుదేరే ముందే విచారించుకోవాలి. కొలను దొరికితే రోజూ గంట కాకపోయినా, మూడు రోజులకోసారి అరగంట చాలు. దొరక్కపోతే కిటికీ చువ్వకు రబ్బరు బ్యాండు కట్టి, నడుము వంచి, మోచేతులు పైకి ఉంచి ఈత వేసినట్టే లాగాలి. వీపు, భుజాల కండరాలు అంతవరకైనా నిలుస్తాయి.

ఊరి చెరువులోనో, ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ మధ్య పారే కంసావతి నదిలోనో దిగడం మాత్రం వద్దు. ఇసుక నదుల్లో నిన్నటి లోతు ఇవాళ ఉండదు. ఇసుక తవ్విన గుంతలు పైనుంచి కనపడవు. చెరువుల్లో గుర్రపుడెక్క వేళ్లు కాళ్లకు చుట్టుకుంటే ఎంత ఈతగాడికైనా దిక్కుతోచదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో కాలవైశాఖి గాలివానలు పిడుగులతో వస్తాయి. ఉరుము వినిపించగానే నీటిలో ఉన్నా, సైకిల్ మీద ఉన్నా వదిలేసి పక్కా ఇంట్లోకి చేరాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే బయటికి రావాలి.

తిరిగి వచ్చాక పోగొట్టుకున్న కిలోమీటర్లన్నీ ఒకే వారంలో పూడ్చాలన్న తొందర ఎక్కువమందిని గాయాల పాలు చేస్తుంది. గుండె, రక్తం కొద్ది రోజుల్లో పుంజుకుంటాయి, స్నాయువులు, ఎముకలు అంత వేగంగా సర్దుకోలేవు. ఊపిరి సరిపోతోంది కదా అని దూరం పెంచేస్తే మడమ వెనుక స్నాయువు ముందుగా ఫిర్యాదు చేస్తుంది. పది రోజులు ఊళ్లో గడిపినవారు వెనుకటి దూరాలకు చేరడానికి మరో పది రోజులు తీసుకోవడం సరైన లెక్క.