కంప్యూటర్ ఎక్కడ ఆగింది?

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి తెర మీద విండోస్ కనిపించేదాకా కంప్యూటర్ లోపల పనులు ఒక వరుసలో జరుగుతాయి. ముందు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మేలుకుంటుంది. గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి, అంతా నిలకడగా ఉందని మదర్‌బోర్డుకు ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. తర్వాత బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్ ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. ఈ తనిఖీకే పోస్ట్ అని పేరు. అది గట్టెక్కితే హార్డ్‌డిస్కులోనో ఎస్‌ఎస్‌డీలోనో ఉన్న విండోస్‌ను వెతికి, మిగతా పని దానికి అప్పగిస్తుంది.

మొరాయించిన కంప్యూటర్ ఈ వరుసలో ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటుంది. ఎక్కడ ఆగిందో తేలితే రిపేరు సగం అయినట్టే. అది తేల్చకుండానే ‘ఫార్మాట్ కొట్టాలి’ అనేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. ర్యామ్ కదిలినా, ఎస్‌ఎంపీఎస్ నీరసపడినా ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు మాత్రం పోతాయి.

బటన్ నొక్కితే లైటు వెలగదు, ఫ్యాను తిరగదు అంటే కరెంటు దగ్గరే ఆగిందన్నమాట. అలాంటప్పుడు క్యాబినెట్ విప్పేముందు గోడ నుంచి మొదలుపెట్టాలి. అదే సాకెట్లో ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే అక్కడ కరెంటు ఉందో లేదో తెలిసిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డును, యూపీఎస్‌ను కాసేపు పక్కనపెట్టి నేరుగా గోడ ప్లగ్గుకు కలపాలి. బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ వల్ల కంప్యూటర్ పాడైందనుకునే సందర్భాలు చాలా ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్చు, తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి, మళ్లీ చార్జర్ పెట్టి చూడాలి. బోర్డులో మిగిలిపోయిన చార్జి దిగిపోవడంతోనే చాలాసార్లు అది లేచి కూర్చుంటుంది.

ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు అనుమానించాలి. బోర్డు కింద పడిన చిన్న మర, లోపలి పిన్ను వంగిపోయిన యూఎస్‌బీ పోర్టు ఇందుకు చాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టే అనుకోవడం కూడా పొరపాటు. ఫ్యాన్లు 12 వోల్టుల లైను మీద తిరుగుతాయి. మిగతా లైన్లు దెబ్బతిన్నా వాటికి తేడా తెలియదు. అనుమానం తీరాలంటే బాగా పనిచేసే మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడడమే మార్గం. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది, ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోవడం. మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని వస్తే మానిటర్ బాగానే ఉంది, దానికి బొమ్మ అందడం లేదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లో కేబులును ఆ కార్డుకే పెట్టాలి. పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి, కార్డు కాలిపోయిందని బెంగపడేవాళ్లు ఎందరో. కేబుల్ సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సింది ర్యామ్.

ర్యామ్ తీసేముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి, ఒకసారి క్యాబినెట్ ఇనుమును ముట్టుకోవాలి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు చిప్పులను కాల్చకుండా ఇది జాగ్రత్త. స్లాటు చివర్ల క్లిప్పులు వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి వస్తుంది. దాని అంచున బంగారు రంగు పట్టీలు వరుసగా కనిపిస్తాయి. తేమ, దుమ్ము, వేలిముద్రల జిడ్డు కలిసి వాటి మీద కంటికి ఆనని పొర కడతాయి. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. పెన్సిల్ రబ్బరుతో ఆ పట్టీలను మెల్లగా తుడిచి, రబ్బరు పొట్టును బ్రష్‌తో దులపాలి. గట్టిగా రుద్దితే పల్చటి బంగారు పూత అరిగిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు ర్యామ్‌లోని గాటు, స్లాటులోని గట్టు ఎదురెదురుగా ఉండాలి; క్లిప్పు టక్కుమని పడేదాకా రెండు చివర్లా నొక్కాలి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి, ఒక్కో స్లాటులో విడివిడిగా చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. డీడీఆర్5 ర్యామ్ వాడే కొత్త బోర్డుల్లో ఇంకో సంగతి ఉంది. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాని వేగాలను కొలుచుకుంటూ కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచుతుంది. తొందరపడి ఆపేయకూడదు.

తెర లేనప్పుడు కంప్యూటర్ శబ్దంతో మాట్లాడుతుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనే ఈ ఏర్పాటు ఉంది: ఒక చిన్న బీప్ వస్తే అంతా క్షేమం, ఒక పొడవాటి బీప్, వెంట రెండు చిన్నవి వస్తే డిస్‌ప్లేలో లోపం. తర్వాతి కంపెనీలు ఎవరి పద్ధతి వారు పెట్టుకున్నాయి కాబట్టి బోర్డుతో వచ్చిన పుస్తకం చూడాల్సిందే. ఇప్పటి బోర్డులు కొన్నిటిలో బీప్‌కు బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉన్న నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏ లైటు ఆరకుండా వెలుగుతోందో అక్కడే పని ఆగింది. రిపేరుకు ఇంతకన్నా సూటి ఆధారం ఉండదు.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి పోతుంటే బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయినట్టు. దాని నంబరు సీఆర్2032, వోల్టేజి 3. తేదీ తప్పితే బ్యాంకు వెబ్‌సైట్లు సురక్షితం కావంటూ బ్రౌజర్ అడ్డుపడుతుంది. నెట్ పాడైందని అనుకుంటారు. కొత్త బ్యాటరీకి పెద్ద ఖర్చు కాదు. అయితే అది మార్చాక బయోస్ సెట్టింగులు మొదటికొచ్చి, డిస్కు బాగున్నా విండోస్ దొరకలేదని చెప్పొచ్చు. అప్పుడు బూట్ మోడ్‌ను మునుపటిలా పెడితే సరిపోతుంది.

‘బూటబుల్ డివైస్ లేదు’ అనే సందేశం వస్తే పోస్ట్ దాటి డిస్కు దగ్గర ఆగిందని లెక్క. వెనక పెన్‌డ్రైవ్ ఏదైనా మర్చిపోయి వదిలారేమో చూసి తీసేయాలి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి అక్కడ డిస్కు పేరు ఉందో లేదో చూడాలి. పేరు లేకపోతే కేబులు వదులైంది లేదా డిస్కే పోయింది. పేరు ఉంటే లోపం చాలావరకు విండోస్‌దే. హార్డ్‌డిస్కు నుంచి టిక్కు టిక్కుమని ఆగకుండా శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయాలి. లోపల ఫైళ్లను చదివే తలలు, అవి రాసి ఉన్న పళ్లేలను సరిగా చదవలేక వెనక్కీ ముందుకూ కొట్టుకుంటున్నాయని అర్థం. డిస్కు తిరిగిన ప్రతి నిమిషమూ ఫైళ్లకు ముప్పే. ఎస్‌ఎస్‌డీ ఈ మాత్రం హెచ్చరిక కూడా ఇవ్వకుండా ఒక్కసారిగా పోవచ్చు. అందుకే ముఖ్యమైన ఫైళ్ల నకలు మరోచోట ఉండడం తప్పనిసరి.

విండోస్ లోగో దాకా వచ్చి నీలితెరతో ఆగితే ఆ తెర మీది కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. వరుసగా రెండు మూడుసార్లు మొదలవలేకపోతే విండోస్ 10, 11 తమంతట తామే మరమ్మతు తెర తెస్తాయి. అక్కణ్నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి కొత్తగా వేసిన డ్రైవర్‌నో ప్రోగ్రామ్‌నో తీసేయొచ్చు. దీనికి పెద్ద ఉదాహరణ 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలితెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంప్యూటర్లకు కావలసింది ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లో ఒక ఫైలు చెరిపితే చాలు. డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉన్నవాటికి మాత్రం ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాల్సి వచ్చింది. ఇళ్లలో వాడే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లకూ ఈ తాళం ఉంటుంది. కీ సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంటులో దొరుకుతుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే దాన్ని చూసి కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

కాసేపు పనిచేసి ఆగిపోయే కంప్యూటర్‌కు ఎక్కువగా వేడే కారణం. ప్రాసెసర్ మీది హీట్‌సింకు రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటుంది, కింద రాసిన థర్మల్ పేస్టు ఎండిపోతుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను కాపాడుకోడానికి కరెంటు ఆపించేస్తుంది. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. లేదంటే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బుతుంటే కింద బ్యాటరీ ఉబ్బినట్టు. దానికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, ఆ రోజే వాడకం ఆపాలి.

క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు జిల్లుమంటే ఎర్తింగ్ సరిగా లేదని గుర్తు. రెండు పిన్నుల ప్లగ్గుతో సర్దుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఉరుములు మెరుపులప్పుడు పవర్ ప్లగ్గుతోపాటు రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ వైరునూ పీకాలి. బోర్డులు ఆ వైరు గుండా కూడా కాలిపోతాయి.

ఇంత చూశాక కూడా లేవకపోతే షాపుకు ఇవ్వాల్సిందే. ఇచ్చేటప్పుడు ఏం కనిపించిందో, ఏ శబ్దం వచ్చిందో, ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పండి. యజమానిని అడగకుండా డిస్కు ఫార్మాట్ చేయకూడదని రసీదు మీద రాయించుకోండి.