సోమందేపల్లె: ఒక మెట్టపల్లె నీటి లెక్క

హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే రాజమార్గం మీద, పెనుకొండ దాటి దక్షిణంగా కొంత దూరం సాగితే సోమందేపల్లె వస్తుంది. హిందూపురం పోవలసినవారు ఇక్కడ పెద్దదారిని విడిచి నైరుతిదిక్కుకు మళ్లుతారు. కాబట్టి చాలమంది ప్రయాణికులకు ఈ ఊరు ఒక మలుపు మాత్రమే. ఎర్రని నేల, బండమీద బండ పేర్చినట్లుండే గుట్టలు, అక్కడక్కడ చింతచెట్లు, కానుగచెట్లు, పొలంగట్టున మేకలమంద కనబడి మరుగవుతాయి. ఊరిలోనికి పోయి నాలుగు మాటలు వినవలెనన్న ఆలోచన కలగకమునుపే బస్సు ముందుకు సాగిపోతుంది.

పచ్చని అడవుల నడుమ, ఏరుల ఒడ్డున ఉన్న పల్లెలను గురించి వ్రాయడం సులభం. అక్కడి ప్రకృతియే సగం కథ చెబుతుంది. సోమందేపల్లె వంటి ఊరిని పరిచయం చేయవలెనంటే ముందుగా ఒక ప్రశ్న వేసుకొనవలసి ఉంటుంది. ఇంత తక్కువ వాన కురిసే నేలమీద ఇన్ని వందల ఏండ్లుగా మనుష్యులు ఎట్లు నిలిచినారు? మేము ఈ వ్యాసంలో ఆ ప్రశ్నకు సమాధానం వెదకదలచినాము.

మొదట ఊరి ఉనికి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుండి విడివడి ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లాలోని దక్షిణభాగం శ్రీ సత్యసాయి జిల్లా అయినది. దానికి పుట్టపర్తి ముఖ్యపట్టణం. సోమందేపల్లె ఇప్పుడు ఆ జిల్లాలో ఒక మండల కేంద్రం, పెనుకొండ శాసనసభ నియోజకవర్గంలోని భాగం. కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం కాదు. అందువలన ఈ సీమ సంతలలో తెలుగుతోపాటు కన్నడం కూడ వినబడుతుంది.

ఇక వాన సంగతి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది దేశపు సగటులో సగం కంటె తక్కువ. కారణం ఆకాశంలో కాదు, భూగోళంలో ఉన్నది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను ఎక్కుతూ తమ తేమలో అధికభాగాన్ని అక్కడనే కుమ్మరించి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరం నుండి ఇంత లోపలికి చేరేసరికి బలం తగ్గిపోతాయి. రెండు విందులకూ ఆలస్యంగా పోయినవాని పరిస్థితి ఈ పీఠభూమిది. సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఆదుకొంటే ఆ ఏడు గడుస్తుంది, లేకుంటే లేదు.

అయినను 550 మిల్లీమీటర్లు అంటే ఏమీ లేదని కాదు. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరం మీద పడితే సుమారు 4,000 లీటర్లు అవుతుంది. ఆ లెక్కను ఏడాదిలో ప్రతి ఎకరం మీద 22 లక్షల లీటర్ల నీరు పడుతున్నది. చిక్కు ఎక్కడ ఉన్నదంటే, ఆ వాన కొద్దిరోజులలోనే కురిసిపోతుంది. కొంత ఆవిరవుతుంది, కొంత వాగులపాలవుతుంది. ఎర్రనేల పలుచన, దాని క్రింద కఠినమైన నల్లరాతి పొర. ఆ రాతికి దూదివలె నీటిని పీల్చుకొనే గుణం లేదు. పైన మెత్తబడిన పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఇటువంటి నేలలో పడిన వానలో సుమారు పదోవంతు మాత్రమే భూగర్భానికి చేరుతుంది.

పూర్వులు ఈ సంగతిని పుస్తకాలలో చదువలేదు, కండ్లతో చూచినారు. పరుగెత్తే నీటిని నిలబెట్టడమే బ్రతుకుదెరువని గ్రహించినారు. రెండు గుట్టల నడుమ మట్టికట్ట వేసి చెరువు కట్టినారు. నీరు వదలడానికి తూము, మిగిలినది పోవడానికి మరువ ఏర్పరచినారు. పై చెరువు మరువ పారితే ఆ నీరు క్రింది చెరువుకు చేరేటట్లు గొలుసుకట్టుగా అమర్చినారు. చెరువులో నీరు ఎండిన తరువాత కూడ అది వృథా కాలేదు. ఇంకిన నీరు క్రింది బావులలో తేలేది, అడుగున పేరుకొన్న ఒండ్రు బండ్లమీద పొలాలకు ఎరువుగా పోయేది.

ఈ ప్రాంతపు నీటిపనికి ఘనమైన చరిత్ర కలదు. విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, పెన్నానది నీటిని ఆ పట్టణానికి రప్పించుమని సింగాయభట్టు అనే జలశాస్త్రజ్ఞుని ఆజ్ఞాపించినట్లు 1388 నాటి శాసనం తెలుపుతున్నది. సింగాయభట్టు సిరువెర చెరువు వరకు కాలువ త్రవ్వించి, దానికి రాజకుమారుని పేరు పెట్టి శాసనం వ్రాయించినాడు. రాజులు యుద్ధాలు గెలిచి వేయించిన శాసనాలు ఎన్నో ఉన్నవి. ఒక కాలువ త్రవ్వినవాని పేరును ఆరువందల ఏండ్లకు పైగా నిలిపిన శాసనం ఇది.

అయితే చెరువు కట్టడంతో పని ముగియదు, దానిని కాపాడవలెను. అందుకు దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువును కట్టించినవారికి, మరమ్మతు చేయించేవారికి భూమిలోనో శిస్తులోనో కొంత భాగం విడిచిపెట్టేవారు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూడడం నీరుగంటి పని. నీరు తగ్గిన ఏట ఆయకట్టు అంతటా వరి పెట్టక, తలా కొంత తగ్గించుకొనే పద్ధతి చాల పల్లెలలో ఉండేది. ఉన్న కొద్దిపాటి నీటిని లెక్కవేసి పంచుకోవడమే ఇన్నాళ్లు ఈ సీమను నిలిపినదని మా అభిప్రాయం.

ఆ కాలమంతా సుఖంగా గడిచినదని చెప్పబోము. 1876-78 నాటి మహాక్షామం, ధాత కరువు అని పెద్దలు చెప్పుకొన్నది, ఈ సీమను ఊడ్చిపెట్టినది. 1950 తరువాతి తొలి సంవత్సరాలలో కూడ రాయలసీమలో గంజికేంద్రాలు పెట్టవలసివచ్చినది. నీటి పంపకంలో కులము, అధికారము తమ వాటాను ముందుగా తీసుకొన్న మాట నిజం. చెరువుక్రింద మడి లేనివానికి చెరువువలన కలిగిన లాభం కొద్దిపాటిదే. కాని నీరు ఊరందరిదని, దానికొక లెక్క ఉండవలెనని ఒప్పుకొన్న కాలం అది.

పంటలలో వచ్చిన మార్పు తరువాతి కథ. ఈ మెట్టనేలలో కొర్ర, ఆరిక, సజ్జ, జొన్న, రాగి పండేవి. తక్కువ వానకు ఓర్చుకొనే గింజలు అవి. క్రమంగా వాటిస్థానాన్ని వేరుసెనగ ఆక్రమించినది. దానికి తగిన కారణాలు లేకపోలేదు. గింజ అమ్మితే రొక్కం చేతికి వస్తుంది, కట్టె పశువులకు మేత అవుతుంది. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో ఈ ఒక్క పంటయే వేసినారు. కాని వేరుసెనగకు ఊడ దిగే సమయంలోను, కాయ ఊరే సమయంలోను నేలలో పదును ఉండితీరవలెను. సరిగా ఆ వారాలలోనే ఇక్కడ వాన ముఖం చాటువేస్తుంది. పది రకాల గింజలు వేసినవానికి ఒకటి పోయినా మరొకటి దక్కేది. ఒకే పంట నమ్ముకొన్నవానికి ఆ దారి మూసుకొనిపోయినది.

అప్పుడు రైతు భూమి లోపలికి చూచినాడు. మోటబావి పోయి కరెంటు పంపు వచ్చినది, ఆ తరువాత బోరుబావి వచ్చినది. మొదట ఇరవై ముప్పై గజాలలో పడిన నీరు క్రమంగా వందల అడుగులకు దిగిపోయినది. ఒక బోరు ఎండితే మరొకటి, దాని ప్రక్కన ఇంకొకటి. బోరుబండి చప్పుడు వినబడితే ఇంటిల్లిపాది గట్టుమీద నిలబడి రాతిపొడి తడి అవుతుందేమోనని చూడడం ఈ సీమలో పరిచితమైన దృశ్యం. తడి కానినాడు మిగిలేది అప్పు.

ఇక్కడ చిన్న లెక్క మనవి చేస్తాము. ఎకరం నేలమీద పడిన వానలో భూమి లోపలికి ఇంకేది సుమారు 55 మిల్లీమీటర్లు. వరిపంటకు కావలసిన నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు. అంటే బోరునీటితోనే ఒక ఎకరం వరి పండించినవాడు, ఇరవై ఎకరాలకు పైగా నేలలో ఏడాది పొడవునా ఇంకిన నీటిని తోడుకొంటున్నాడన్నమాట. ఆ ఇరవై ఎకరాలు అతనివి కావు, ఇరుగుపొరుగువారివి. అతడు దొంగ కాడు, తన పొలంలో తన డబ్బుతో బోరు వేసుకొన్నవాడు. అయినను పొరుగువాని బావి ఎండుతుంది. చెరువునీరు కంటికి కనబడేది గనుక తగవు పడియైనా పంచుకొన్నారు. భూగర్భజలం కంటికి కనబడదు, అందుచేత దానికి నీరుగంటి లేకుండా పోయినాడు. 2002లో రాష్ట్రప్రభుత్వం నీరు, భూమి, చెట్లను గురించి ప్రత్యేకంగా ఒక చట్టం చేసినది. కాని ప్రతి పొలంగట్టున చట్టం కాపలా కాయలేదు కదా.

వాన లేని ఏట ఊరిని నిలిపే మరికొన్ని వృత్తులు ఉన్నవి. ధర్మవరం, హిందూపురాలవలెనే సోమందేపల్లెలో కూడ పట్టుమగ్గం ఆడుతున్నది. మగ్గానికి వానతో పనిలేదు. పడుగు, పేక సిద్ధంగా ఉంటే కరువులోను చీర దిగుతుంది. కాని పట్టు ధర పెరిగినప్పుడు, మరమగ్గం చీర చవుకగా వచ్చినప్పుడు నేతవానికీ కరువే. మల్బరీ సాగు మరొక ఆధారం. కొద్దిపాటి నీటితో ఆకు పెంచి, నెలరోజులలోపల పట్టుపురుగు చేత గూడు కట్టించి, హిందూపురం అంగడికి చేర్చవచ్చును. ఒకే ఏడాదిలో పలుమార్లు రొక్కం కండ్లబడుతుంది. గొర్రెలమందలు, గుట్టలమీది సీతాఫలం, చింతపండు కూడ ఎన్నో ఇండ్లకు ఆసరా. వీటితోను గడవనివారు బెంగుళూరు బస్సు ఎక్కుతారు.

ఇటీవలి మార్పులను కూడ చెప్పవలసి ఉన్నది. 1995-96లో సత్యసాయి ట్రస్టు ఉమ్మడి జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు త్రాగునీటి పథకం నిర్మించినది. ఫ్లోరైడు నీటితో పండ్లు, ఎముకలు పాడైన ఊళ్లకు అది గొప్ప మేలు. హంద్రీ-నీవా పథకం క్రింద శ్రీశైలం జలాశయం వెనుక మల్యాల వద్ద కృష్ణ నీటిని ఎత్తిపోయడం 2012లో మొదలైనది. 2016 చివరకు ఆ నీరు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరినది. ఆ మరుసటి ఏడు కియా కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరినది. 2019లో పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద ఉత్పత్తి ప్రారంభమయినది. 2024 జనవరి 16న పొరుగున ఉన్న పాలసముద్రంలో కస్టమ్సు, పరోక్షపన్నుల శాఖవారి జాతీయ శిక్షణాలయం ప్రారంభోత్సవం జరిగినది. సోమందేపల్లె యువకుడు ఇప్పుడు ఉద్యోగానికై ఊరు విడువనక్కరలేదన్న ఆశ కలిగినది. దానితోపాటు పొలాల ధరలూ పెరిగినవి, నీటిని కోరేవారూ పెరిగినారు.

ఇకనుండి నీటికి కొదువ లేదని అనుకోవచ్చునా? ఇండొనేషియాలోని బాలి ద్వీపాన్ని చూడండి. అక్కడ మనకంటె ఎన్నోరెట్లు వాన కురుస్తుంది. అయినను వరిమళ్లకు నీటిని పంచడానికి వారు సుబాక్ అనే రైతుసంఘాలను శతాబ్దాలుగా నడుపుతున్నారు. జలదేవాలయాలలో కూడి ఎవరు ఎప్పుడు నాటవలెనో నిర్ణయించుకొంటారు. 2012లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వంగా గుర్తించినది. పుష్కలంగా నీరున్నచోటనే ఇంత కట్టుబాటు అవసరమైతే, మన మెట్టసీమకు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ కట్టుబాటు ఇక్కడ అసాధ్యం కాదు. 1997 నాటి చట్టంతో నీటిసంఘాలు ఏర్పడినవి. 2003 తరువాత కొన్నేండ్లు అనంతపురంతో సహా ఏడు జిల్లాలలో రైతులే స్వయంగా వాన కొలిచి, బావులలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరందరూ కూర్చొని ఉన్న నీటికి ఏ పంట సరిపోతుందో లెక్కవేసుకొన్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ పనికి తోడ్పడినది. ఎవరినీ శిక్షించలేదు, ఎవరి బోరూ మూయలేదు. లెక్క ఊరిగోడమీద కనబడేసరికి చాలమంది తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లినారు.

కృష్ణ నీరు వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఎన్నో మెట్లు ఎక్కి ఈ సీమకు వస్తున్నది. ఆ నీటికి విద్యుత్తు ఖర్చు ఉన్నది, దానిని కోరే ఊళ్లూ పెక్కు ఉన్నవి. అది చెరువుకు చేరినప్పుడు బావులు తేలుతాయి. తేలిన నీటిని ముందుగా పంపు వేసినవాడే తోడుకొంటాడా, ఊరంతా లెక్కప్రకారం వాడుకొంటుందా అన్నది ప్రభుత్వమో ఇంజనీరులో తేల్చగల విషయం కాదు. సోమందేపల్లెలోను, అటువంటి వందలాది పల్లెలలోను, పొలంగట్టున నిలబడిన రైతులే తేల్చుకొనవలెను.