జాగ్వార్ ఏమి తినును?

అడవిలో పులిని చూచితిమని చెప్పువారు అనేకులు. అది ఏమి తినునో ఓపికతో కనుగొన్నవారు కొద్దిమంది. ఈ రెండవ పనికి బెలీజ్ దేశములోని కాక్స్‌కోంబ్ లోయలో జరిగిన పరిశోధన చక్కని నిదర్శనమని మేము భావించుచున్నాము.

బెలీజ్ మధ్య అమెరికాలో 1981లో స్వాతంత్ర్యము పొందిన చిన్న దేశము. అక్కడి వర్షారణ్యములలో జాగ్వార్ నివసించును. అది చూపునకు మన చిరుతపులిని పోలియుండును గాని అంతకంటె బలిష్ఠమైనది. అక్కడి సామాన్య జనులు దానిని ‘టైగర్’ అనియే పిలుతురు. 1983లో అలన్ రాబినోవిట్జ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఆ లోయలో జాగ్వార్లను బోనులలో పట్టి, మత్తుమందిచ్చి, మెడలకు రేడియో పట్టీలు కట్టి వదలినాడు. ఒక్కొక్క మగ జాగ్వార్ సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర సంచరించునని ఆ సంకేతముల వలన తేలినది.

ఆహారము సంగతి రేడియో చెప్పదు. అందుకు అడవి బాటలపై దొరకు మలమే ఆధారము. దానిని నీటిలో కడిగి, జల్లెడ పట్టి, మిగిలిన వెండ్రుకలను, ఎముక ముక్కలను, గిట్టలను పరీక్షింపవలెను. చదువరులు ముక్కు మూసికొనవచ్చును గాని, ఇంతకంటె నమ్మదగిన సాక్షి లేదు. ఫలితము వింతయైనది. జింకను, అడవిపందిని పోలిన పెకరీని కూల్చగల ఈ బలశాలి ఆహారములో ఆర్మడిల్లోదే అగ్రస్థానము. అది మన అలుగువలె కవచము గల చిన్న జంతువు. రాత్రులందు పురుగులకై నేల త్రవ్వుచుండును. ఆ అడవిలో అది సమృద్ధిగా దొరకును; జాగ్వార్ దవడకు దాని కవచము ఒక లెక్క కాదు.

మరి జాగ్వార్ పశువులను చంపునన్న రైతుల మొర మాట ఏమి? అది అసత్యము కాదు. అయితే పశువులను చంపినందుకు కాల్చబడిన జాగ్వార్ల పుర్రెలను చూడగా, వానిలో చాలవాటియందు పాత తుపాకి గాయములు కనిపించినవి. గాయపడి అడవిలో వేటాడలేని మృగము పశువుల మంద వైపు మళ్ళునని రాబినోవిట్జ్ అభిప్రాయము. కనబడిన జాగ్వార్‌నెల్ల కాల్చువాడే పశువులకు శత్రువును తయారు చేయుచున్నాడన్నమాట! ప్రభుత్వము ఈ వాదమును ఆలకించినది. 1984లో లోయలో వేట నిషేధింపబడినది. 1986లో కొంత భాగము జాగ్వార్ల అభయారణ్యమైనది. 1990లో అది సుమారు 400 చదరపు కిలోమీటర్లకు విస్తరించినది.

ఇందుకు చెల్లించిన మూల్యము తక్కువ కాదు. బోనులో కోరలు విరుగగొట్టుకొని ఒక జాగ్వార్ మరణించినది. సహాయకుడైన ఒక మాయా జాతీయుడు పాముకాటుకు బలియైనాడు. లోయలో కాపురమున్న మాయా కుటుంబములు ఊరు విడువవలసి వచ్చినది. అభయారణ్యములను పొగడు వ్యాసములలో ఈ చివరి మాట తరచు కనబడదు. అది చెప్పి తీరవలెనని మా అభిప్రాయము. తరువాత ఆ మాయా ప్రజలలో కొందరు అక్కడనే అరణ్య రక్షకులైనారు.

నేడు లెక్కించుటకు బోనుతో పని లేదు. బాట ప్రక్కన అమర్చిన కెమెరా దాటిపోవు మృగమును తానే చిత్రించును. ఏ రెండింటి మచ్చలును ఒక్క తీరున ఉండవు గనుక దేనికదియే గుర్తుపట్టవచ్చును. ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె పులులపై ప్రయోగించి 1995లో ప్రకటించిన గణన పద్ధతినే కాక్స్‌కోంబ్‌లో అనుసరింపగా, నూరు చదరపు కిలోమీటర్లకు సుమారు 9 జాగ్వార్లున్నట్లు 2004లో వెల్లడియైనది. మన నల్లమల పులులను లెక్కించుటయు నేడు కెమెరాలతోనే. ఏమి తిన్నదో తెలియవలెనన్న మాత్రము, ఇప్పటికిని జల్లెడ పట్టవలసినదే.