ఏటినీరు, ఉప్పునీరు కలియు చోటు

హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రక్కగా పారు హుస్సేన్‌సాగర్ నాలా మూసీలో కలియును. మూసీ వాడపల్లివద్ద కృష్ణను చేరును. కృష్ణ పాయ యొకటి హంసలదీవివద్ద సముద్రమున పడును. అచట ఏటినీరు పోటునీటితో కలియు భాగమే నదీముఖము. తీరవాసులు దానిని మొగ యందురు.

పుట్టుకనుబట్టి ఇవి పలువిధములు. మంచుయుగాంతమున సముద్రము పెరిగి లోయలను ముంచగా కొన్ని, ఇసుకమేట అడ్డుపడగా కొన్ని, భూమి క్రుంగగా కొన్ని ఏర్పడినవి. నార్వేలోనివి మంచునదులు తొలచినవి. కృష్ణ మాత్రము తాను తెచ్చిన ఒండ్రుతోనే డెల్టాను కట్టి, పాయలుగా చీలినది.

రైతునకు ముఖ్యమైనది నీటి కలయికనుబట్టి చేయు విభజన. ఉప్పునీరు బరువైనది. ఏరు నిండుగా పారునపుడు అది అడుగుననే యుండును. ప్రవాహము సన్నగిల్లి పోటు బలపడినచో రెండును కలిసిపోయి, ఉప్పు ఎగువకు ప్రాకును. బావులకు, చేలకు ముప్పు అప్పుడే. కావున తీరగ్రామ పంచాయతీ సభ్యులు మురుగుకాలువల తూములకు తలుపులు సరిగా నున్నవో లేవో చూడవలెను. వేసవిలో బావినీటిని పరీక్షకు పంపవలెను. నాలుకకు తెలియునంత ఉప్పు చేరువరకు ఆగరాదు.