తలకట్టులో దాగిన చెయ్యి

ఐరాల మండలంలో పారే బాహుదా నదికి చేతుల వల్లే ఆ పేరు వచ్చిందంటారు. ఒక తోటలో అడగకుండా పండు తిన్నందుకు శంఖుడి తమ్ముడు లిఖితుడి చేతులు రాజు నరికించాడనీ, ఈ ఏట్లో మునగగానే అవి మళ్లీ మొలిచాయనీ కాణిపాకంలో చెప్పుకుంటారు. లిఖితం అంటే రాసినది. రాతకూ చేతికీ ముడిపెట్టిన ఈ కథంటే నాకు ప్రాణం. చేతిరాత కంప్యూటర్లోకి ఎట్లా చేరిందో ఆలోచించినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.

ఇక్కడ పెండ్లి కుదిరితే మొదటి పత్రిక వినాయకస్వామి పాదాల దగ్గర పెడతారు. అందులో వధూవరుల పేర్లు పుస్తకం అచ్చులా బిగుసుకొని ఉంటే మనసొప్పదు, ఎవరో ప్రేమగా రాసినట్టుండాలి. ఆ పనికి వచ్చే తెలుగు ఫాంట్లలో లక్కిరెడ్డి ఒకటి. అప్పాజీ అంబరీష దర్భా రూపొందించారు, సిలికానాంధ్ర సంస్థ అందరికీ ఉచితంగా ఇచ్చింది. శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వానాలే దాని చోటు. శ్రీకాళహస్తి కవి పేరు పెట్టుకున్న ధూర్జటి ఫాంట్ కూడా ఆ సంస్థ ఇచ్చిందే.

ఇంగ్లీషు చేతిరాత ఫాంట్‌లో అక్షరాల తోకలు కలిపేస్తే సగం పని అయినట్టే. తెలుగక్షరం పక్కదాని చెయ్యి పట్టుకోదు, దేనికది గుండ్రంగా కూర్చుంటుంది. మరి రాసిన చెయ్యి ఎక్కడ కనబడాలి? కొమ్ము కొసలో, వత్తు ఒంపులో, అన్నిటికన్నా తలకట్టు విసురులో. పెన్ను ఎత్తి పైన గీసే ఆ చిన్న గీతలో రాసేవాళ్ల తొందరా నిదానమూ తెలిసిపోతాయి.

అసలు కష్టం వత్తుల దగ్గరుంది. కంప్యూటర్లో లిపులకు ప్రమాణమైన యూనికోడ్ 1991లో తన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది, అందులో మన లిపికి ఉన్నవి 128 గళ్లు. ‘లక్ష్మి’లో చివరి అక్షరాన్ని కంప్యూటర్ ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని ఏ బొమ్మగా మార్చాలో, మకార వత్తు ఎక్కడ పెట్టాలో ఫాంట్‌లోని పట్టికలు చెబుతాయి. చేత్తో రాసేటప్పుడు కింద చోటు చాలకపోతే వత్తును మనమే చిన్నది చేస్తాం, ఆ సంగతి మనకే తెలియదు. ఫాంట్‌కు మాత్రం ప్రతి సర్దుబాటూ ముందే నేర్పాలి. మా బంధువుల పత్రికలో ఒకసారి వత్తు కింది వరుస మీద పడి పెండ్లికూతురి పేరు చదవరాకుండా పోయింది. ఆ పత్రిక ఇంకా నా దగ్గరుంది.

పాత డీటీపీ ఫాంట్లు తెలుగు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గళ్లలో దాచేవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా గజిబిజి. లక్కిరెడ్డి యూనికోడ్‌ది కాబట్టి అలంకారం మారినా పేరు చెడదు.

ఇంకొకటి కావాలనిపిస్తుంది నాకు. ‘అలల’ అని చేత్తో రాయండి. రెండో ల మొదటిదానిలా ఉండదు, కాస్త కుదించుకుంటుంది లేదా కాస్త వాలుతుంది. ఫాంట్‌లో రెండూ ఒకే అచ్చు. ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, పక్కపక్కన వచ్చినప్పుడు మార్చి వేసే సౌకర్యం ఓపెన్‌టైప్ అనే ఫాంట్ల పద్ధతిలో ఉంది. తెలుగు ల కు ఆ రెండో రూపం ఎవరైనా ఓపికగా గీస్తే చూడాలని ఉంది.