కంపెనీ మారితే ఇమడని బ్యాటరీ

ఢిల్లీ చావడీ బజారులోనైనా, ముంబయి నాగ్‌దేవి వీధిలోనైనా, హైదరాబాదు రాణీగంజ్‌లోనైనా బ్యాటరీతో నడిచే డ్రిల్ మిషను కొనదలచిన వడ్రంగి మొదట విచారించేది మిషను ధర. ఆ తరువాత ఏళ్ల తరబడి అతని చేతిని కట్టివేసేది మాత్రం పిడి కింద బిగించే బ్యాటరీయే. మకిటా బ్యాటరీ డివాల్ట్ మిషనులో ఇమడదు; డివాల్ట్‌ది బాష్‌కు పట్టదు. రెండు బ్యాటరీలు, ఒక ఛార్జరు కలిసి తరచు మిషను ఖరీదుకు దీటుగా ఉంటాయి. కనుక మొదటి మిషను ఏ కంపెనీదైతే రెండవదీ, మూడవదీ అక్కడే కొనక తప్పని పరిస్థితి ఏర్పడుతోంది.

అమెరికాకు చెందిన బ్లాక్ అండ్ డెకర్ 1961లో తొలి బ్యాటరీ డ్రిల్లును విడుదల చేసింది. చాలాకాలం రాజ్యమేలిన నికెల్-కాడ్మియం బ్యాటరీల స్థానే 2005 నుంచి లిథియం అయాన్ బ్యాటరీలు ప్రవేశించాయి. మకిటా 18 ఓల్టుల శ్రేణి ఆ ఏడాదే ఆరంభమై నేటికీ కొనసాగుతోంది. అయితే ఆ సంస్థే 2019లో తెచ్చిన 40 ఓల్టుల శ్రేణి బ్యాటరీలు పాత మిషన్లకు పనికిరావు. బాష్‌లోనూ వృత్తిపనివారి నీలిరంగు మిషన్ల బ్యాటరీలు, గృహవినియోగానికి ఉద్దేశించిన ఆకుపచ్చ మిషన్లకు పట్టవు. ఒకే ఇంటిపేరు గలవారి మధ్య కూడా పొత్తు కుదరలేదన్నమాట.

ఓల్టుల అంకెలలోనూ కొంత గారడీ ఉంది. డివాల్ట్ అమెరికాలో 20 ఓల్టులదిగా అమ్మే శ్రేణినే ఐరోపాలో 18 ఓల్టులదిగా అమ్ముతుంది. లోపల ఉండేవి ఐదు సెల్లుల వరుసలే. ఒక్కొక్క సెల్లు సగటున 3.6 ఓల్టులు ఇస్తే మొత్తం 18. నిండుగా ఛార్జి అయినపుడు 4.2 చొప్పున 21. చౌక మిషన్లపై కనిపించే ‘21 ఓల్టులు’ అనే ముద్రకు అర్థం ఇంతే. కొనుగోలుదారుడు చూడవలసినది ఆంపియర్-అవర్ల అంకె. 18 ఓల్టుల బ్యాటరీ 2 ఆంపియర్-అవర్లదైతే దానిలోని శక్తి 36 వాట్-అవర్లు, 5 అయితే 90. బరువు, ధర కూడా ఆ మేరకు పెరుగుతాయి.

పేరుమోసిన కంపెనీల బ్యాటరీల ఆకృతినే అనుకరించే చౌకరకాలు బజారులో విరివిగా దొరుకుతున్నాయి. అవి గాడిలో ఇమిడినంత మాత్రాన సరిపోదు. లోపలి సెల్లులు నాసిరకానివైతే, వేడిని అదుపు చేసే ఏర్పాటు లోపిస్తే ప్రమాదం తప్పదు. మంచి కంపెనీల బ్యాటరీలనైనా సాధారణంగా 40 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయరాదు. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఉమ్మడి బ్యాటరీ దిశగా ప్రయత్నాలు జరగకపోలేదు. జర్మనీ సంస్థ మెటాబో 2018లో ఇతర తయారీదారులతో ఒక కూటమి ఏర్పరచింది. బాష్ 2020లో గృహోపకరణాల బ్యాటరీలకు మరో కూటమిని ఆరంభించింది. మకిటా, డివాల్ట్, మిల్వాకీ వంటి పెద్ద సంస్థలు వీటికి దూరంగానే ఉన్నాయి. సెల్‌ఫోన్లకు ఒకేరకం ఛార్జింగ్ సాకెట్టును 2024 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసిన ఐరోపా సమాఖ్య సైతం ఈ మిషన్ల జోలికి రాలేదు. మన దేశంలో 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. కంపెనీ బ్యాటరీ తయారీని నిలిపివేస్తే, మోటారు చెక్కుచెదరని మిషను కూడా పాత ఇనుము కిందే లెక్క. ఆ నష్టం పనివాడిదే.

అందుకే అనుభవజ్ఞులైన మేస్త్రీలు స్క్రూలు బిగించడానికి, కరెంటు లేని చోట రంధ్రాలు చేయడానికి మాత్రమే బ్యాటరీ మిషను వాడుతుంటారు. రాయి కోసే కటింగ్ మిషను, గ్రైండరు వంటివి బ్యాటరీని నిమిషాలలో ఖాళీ చేస్తాయి గనుక వాటికి పాత తీగనే నమ్ముకుంటున్నారు.